గున్చే, కలందాన్ ఏడ పెట్టినవ్?

పద్దెనిమిదో శతాబ్దపు ఢిల్లీలో మీర్జా సౌదా అని ఒక షాయర్. ఖసీదా రాయడంలో ఉస్తాద్, హజ్వ్ రాయడంలో అంతకన్నా పెద్ద ఉస్తాద్. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఖసీదా అంటే గద్దె మీద కూర్చున్నవాడి తారీఫ్. హజ్వ్ అంటే ఎదుటివాడి పరువు బజారుకు ఈడ్చే పద్యం. ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో అచ్చేసిన ‘ఆబ్-ఎ-హయాత్’లో సౌదా గురించి ఒక ముచ్చట ఉంది. ఆయన దగ్గర గున్చా అనే నౌకర్ ఉండేవాడు. సౌదా ఎక్కడికి పోయినా కలాలు, సిరా ఉన్న కలందాన్ పట్టుకుని వెనక నడిచేవాడు. ఎవరన్నా కోపం తెప్పించారా, ‘ఒరేయ్ గున్చే, కలందాన్ తే’ అని సౌదా కేకేసేవాడట. ఆ కేక విన్నవాడి గుండె జారిపోయేది.

పాలమూరు పాట వెనక కూడా ఒక గున్చా నడిచేవాడు. ఇప్పుడు కనపడటం లేదు. వాడెటు పోయాడు, ఎవరు పంపించేశారు అన్నదే నా పేచీ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. 2016 అక్టోబర్ 11 దాకా ఇవన్నీ ఒకే మహబూబ్‌నగర్ జిల్లా. ఈ మూడింటి మధ్యే రిపోర్టర్‌గా నా ఉమర్ గడిచింది. పాట ఎక్కడ పుట్టిందో, ఎక్కడ పెరిగిందో, ఏ మంత్రి కారెక్కి పోయిందో చూస్తూనే ఉన్నాను. చాయ్ హోటల్లో ఎవరిని కదిపినా ఒకే మాట: ‘అమ్ముడుపోయిన్రు సాబ్’. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అది అన్యాయం కాబట్టి ఒకటి, అంతకంటే ముఖ్యంగా అది తప్పుడు రోగనిర్ధారణ కాబట్టి. జబ్బు పొట్టలో ఉందనుకుని మందిస్తున్నారు. జబ్బు చెవిలో ఉంది.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో గిటార్ వాయిస్తాడు. నలుగురు పోరగాళ్ళు కలిసి ఒక బ్యాండ్ పెట్టుకున్నారు. వాడు ఒకరోజు ‘రాక్ బ్యాండ్లన్నీ ఇంతే మామూ, మొదటి ఆల్బమ్‌లో నిప్పు, మూడో ఆల్బమ్‌కు బూడిద’ అన్నాడు. ఎందుకురా అంటే ‘పైసలు’ అన్నాడు. వాడే చదవమని ఒక వ్యాసం పంపించాడు. స్టీవ్ ఆల్బినీ అనే అమెరికా రికార్డింగ్ ఇంజినీర్ 1993లో ‘ది బాఫ్లర్’ పత్రికలో రాసింది. పెద్ద కంపెనీతో కాంట్రాక్ట్ చేసుకున్న ఒక బ్యాండ్ ఖర్చులు, కోతలు, కమీషన్లు అన్నీ వరసగా లెక్కగట్టి, చివరికి ఆ కుర్రాళ్ళకు మిగిలేది ఒక కిరాణా దుకాణంలో పనిచేస్తే వచ్చేదాంట్లో మూడో వంతు అని తేల్చాడు. అదే ఏడాది నిర్వాణా వాళ్ళు ఆ ఆల్బినీనే పిలిపించుకుని ‘ఇన్ యుటెరో’ చేశారు. అంతకు రెండేళ్ళ ముందు ‘నెవర్‌మైండ్’తో దునియా మొత్తం వాళ్ళ పాట పాడుతుంటే, ఆ వినికిడి నుంచి పారిపోవడానికి కావాలనే గరుకుగా చేసిన రికార్డు అది. అంటే, పాట మొద్దుబారేది పైసల వల్లే అని చెబుతున్న మా మేనల్లుడే, పైసలు మిగలవని చెప్పే వ్యాసాన్ని సాక్ష్యంగా పంపాడు! బిడ్డకు ఆ సంగతి తట్టలేదు. నాకు మాత్రం అక్కడే దారి కనపడింది. షోహ్రత్ వచ్చాక పాట మొద్దుబారుతుంది నిజమే. కానీ పైసలు వచ్చినా మొద్దుబారుతుంది, రాకపోయినా మొద్దుబారుతుంది. మరి దాన్ని మొద్దుబార్చే ఆకురాయి ఇంకేదో ఉంది.

ఇక మన ఊళ్ళకు వద్దాం.

తెలకపల్లి మండలం గౌరారం. గోరటి వెంకన్న ఊరు. ‘పల్లె కన్నీరు పెడుతుందో’ 2002లో ‘కుబుసం’ సినిమాలోకి పోయాక రాష్ట్రమంతా పాడుకుంది. సినిమాలోకి పోవడం వల్ల ఆ పాటకు తుప్పు పట్టలేదు, అది గమనించాలి. కులవృత్తులు ఒక్కొక్కటే ఎట్లా మూతపడ్డాయో లెక్క చెప్పిన పాట అది. ఎవరి పేరూ ఎత్తలేదు. అయినా హైటెక్ సిటీ చూపించి మురిసిపోతున్న సర్కారుకు అది ముల్లై గుచ్చుకుంది. 2020 నవంబర్‌లో వెంకన్న గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీ అయ్యాడు. 2021లో ‘వల్లంకి తాళం’కు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అవార్డు ఆలస్యంగా వచ్చింది తప్ప అర్హత గురించి వాదన లేదు. వెంకన్న పాట మొదటి నుంచీ వాగుది, పిట్టది, వలసది. ఆ అందం ఈరోజుకీ తగ్గలేదని నా ఇమాన్ సాక్షిగా చెబుతాను. తగ్గింది ఎదురుప్రశ్న. ఆ ముల్లు.

వనపర్తి జిల్లా అమరచింత. సాయిచంద్ ఊరు. అమరుల మీద పాట ఎత్తుకుంటే మైకు అక్కరలేని గొంతు. ఉద్యమంలో ఆ గొంతు విని కళ్ళు తుడుచుకోని మనిషిని నేను చూడలేదు, డ్యూటీలో ఉన్న పోలీసులతో సహా. 2021 డిసెంబర్‌లో ఆయన్ని రాష్ట్ర గిడ్డంగుల సంస్థ చైర్మన్‌ను చేశారు. గిడ్డంగులు! ఒక గొంతును గౌరవించాలని తోచినప్పుడు సర్కారు చేతికి తగిలిన వస్తువు గోదాము తాళంచెవి. ఈ మాట సాయిచంద్ మీద కాదు, ఇచ్చినవాళ్ళ మీద. సంగీత కళాశాల పెట్టి చేతిలో పెట్టొచ్చు. పాలమూరు పాటలన్నీ రికార్డు చేసే పని అప్పజెప్పొచ్చు. గోదాము ఇచ్చారు. 2023 జూన్ 29న గుండెపోటుతో పోయాడు. 39 ఏళ్ళు కూడా నిండలేదు. అల్లా ఆయన బిడ్డలకు సబర్ ఇవ్వాలి.

ఇంకా వెనక్కి పోతే ధూంధాం. 2002లో కామారెడ్డిలో మొదలైంది. ఉద్యమానికి కాళ్ళు ధూంధాం వేదికలే ఇచ్చాయి. గొంగడి, గజ్జె, డప్పు, నడుమ కొంచెం తిట్టు, చాలా నవ్వు. ముందు నిలబెట్టిన రసమయి బాలకిషన్ 2014లో మానకొండూరు ఎమ్మెల్యే అయ్యాడు, తెలంగాణ సాంస్కృతిక సారథి చైర్మన్ కూడా. ఆ సారథిలో 550 మంది కళాకారులకు నౌకరీ ఇచ్చారు. ఇచ్చినందుకు నేను సర్కారుకు సలామ్ చేస్తాను. పన్నెండేళ్ళు గజ్జె కట్టినవాడు పెళ్ళాం ముందు తలెత్తుకుని నిలబడటానికి ఒక జీతం రాయి ఉండాలి కదా. కానీ నౌకరీలో పనేంటి? సర్కారు స్కీముల మీద పాటలు కట్టి ఊరూరా పాడటం. నిన్నటిదాకా నీళ్ళేవి, నిధులేవి అని అడిగిన నోరు, ఇవిగో నీళ్ళు, ఇవిగో నిధులు అని చెప్పాలి. హజ్వ్ డిపార్ట్‌మెంట్ మూసేసి సిబ్బందిని మొత్తం ఖసీదా డిపార్ట్‌మెంట్‌కు బదిలీ చేసినట్టు.

పార్టీ మారింది కదా, ఇప్పుడు మారిందేమో అంటారా? 2024 డిసెంబర్‌లో కొత్త సర్కారు 9 మంది కవులకు, కళాకారులకు తలా 300 గజాల జాగా, కోటి రూపాయలు, తామ్రపత్రం ప్రకటించింది. గద్దర్, గూడ అంజయ్య అప్పటికే చనిపోయినవాళ్ళు. వెంకన్న పేరూ జాబితాలో ఉంది. అందరూ అర్హులే. నా కన్ను పడ్డది తామ్రపత్రం మీద. రాగిరేకు! మన గద్వాల కోటలో ఎవరి ఆత్మో సంతోషించి ఉంటుంది.

ఎందుకంటే ఇదంతా పాలమూరుకు కొత్త కాదు. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. పండితులు వచ్చేవాళ్ళు, అవధానాలు చేసేవాళ్ళు, శాలువా, నగదు పట్టుకుని పోయేవాళ్ళు. తిరుపతి వేంకట కవులంతటి వాళ్ళు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల మెట్లెక్కి సన్మానాలు పొందారు. బాగా చదువుకున్న రాజులే, మంచి పద్యాలే. నేను తెలుగు డిగ్రీలో వాటి గురించి పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. కానీ ఈరోజు గద్వాల బస్టాండ్‌లో నిలబడి పదిమందిని అడగండి. ఆ కోటలో చదివిన ఒక్క పొగడ్త పద్యం ఎవరికైనా వస్తుందేమో చూడండి. అదే కోట బయట, ఉన్నోళ్ళను కొట్టి లేనోళ్ళకు పెట్టిన పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ కిన్నెర మీద ఊరూరూ తిరిగాయి. కోట లోపలి పద్యానికి తాటాకు, రాగిరేకు, అచ్చు అన్నీ దొరికాయి. కిన్నెర కథకు ఏమీ దొరకలేదు. బతికింది కిన్నెర కథ.

ఎందుకు బతికింది? నాకు తెలిసిన జవాబు ఒకటే. కిన్నెర వాయించేవాడి ముందు కూర్చున్నవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి పోగలడు. కథ సాగదీస్తే లేస్తాడు. అబద్ధం చెబితే నవ్వి లేస్తాడు. అందుకని పాట ప్రతి రాత్రీ సాన మీద పడేది. మా ముషాయిరాల్లో కూడా ఇంతే. నచ్చితే ‘ముకర్రర్’ అని మళ్ళీ చదివిస్తారు, నచ్చకపోతే దగ్గుతారు. ఆ దగ్గు మొదలైతే ఎంత పెద్ద షాయర్ అయినా కాగితం మడిచి జేబులో పెట్టుకోవాల్సిందే. దాద్ అనేది దానం కాదు, తీర్పు. ఆ మాటకు ఫార్సీలో ఉన్న ఒక అర్థం ఇన్సాఫే.

ఇప్పుడు ఎన్నికల ముందటి బహిరంగ సభకు రండి. ఏ పార్టీది అని అడగకండి, అన్నీ చూశాను. వనపర్తి శివార్లలో ఒక మైదానం. ఊరికి రెండు బస్సుల చొప్పున జనాన్ని తెచ్చారు. పొద్దున పదింటికి దింపి సాయంత్రం అయిదుకు మళ్ళీ ఎక్కిస్తారు. మధ్యలో పోదామంటే బస్సు లేదు, పులిహోర పొట్లం మూడింటికి గానీ రాదు. స్టేజీ మీద కళాకారులు. పాడుతూనే ఉన్నారు, ఎందుకంటే నాయకుడి హెలికాప్టర్ ఆలస్యం. గంట, రెండు గంటలు, మూడు గంటలు. పాలమూరు వలస మీద ఒక ఆడబిడ్డ పాట ఎత్తుకుంది. నా పక్కన కూర్చున్న ముసలమ్మ పూణె పోయొచ్చిన మనిషంట, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. సరిగ్గా చరణం మధ్యలో ఆకాశంలో చప్పుడు. నిర్వాహకుడు వచ్చి ఆమె చేతిలోంచి మైకు లాక్కున్నాడు. లాక్కున్నాడు అన్నది నేను చూసి రాస్తున్న మాట. వెంటనే నాయకుడి పేరు మీద కట్టిన పాట, డీజే బాక్సుల్లో, రికార్డెడ్. ఆ ఆడబిడ్డ కూడా చప్పట్లు కొడుతూ ఆడటం మొదలుపెట్టింది. ఆడకపోతే రేపు పిలవరు. ముసలమ్మ కొంగు నోట్లోంచి తీసేసి అటూ ఇటూ చూసింది, తప్పు చేసినదానిలా.

ఆ మధ్యాహ్నం ఆ పాటకు శ్రోత ఎవరు? ముసలమ్మ కాదు. ఆమె లేచిపోలేదు, ఉండిపోనూ లేదు, ఆమెను తెచ్చి పెట్టారు. అసలు శ్రోత ఇంకా గాలిలో ఉన్నాడు. పాట ఆయన దిగేదాకా సమయం నింపే సామాను. వాటర్ ప్యాకెట్లు, కుర్చీలు, పాట. శ్రోత మారిన రోజే పాట ధార్ పోయింది. జీతం రాయి అప్పటికింకా పడలేదు కూడా.

అందుకే ‘తిండి పెడితే పాట చచ్చిపోతుంది’ అనే పెద్దమనుషులంటే నాకు అసహ్యం. ఈ మాట చెప్పేవాళ్ళలో ఎక్కువమంది నెలనెలా జీతం తీసుకునేవాళ్ళే, పెన్షన్ వచ్చేవాళ్ళే. కళాకారుడు ఆకలితో ఉంటేనే వాళ్ళకు పాట రుచిగా ఉంటుంది. వాళ్ళకు జవాబు లింగాల మండలం అవుసలికుంట నుంచి వస్తుంది. దర్శనం మొగులయ్య. పన్నెండు మెట్ల కిన్నెర. ఆయన గురించి తెలంగాణ బడి పుస్తకంలో పాఠం వచ్చింది. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో ఆయన గొంతు విని దేశం ఉలిక్కిపడింది. 2022లో పద్మశ్రీ. అప్పటి ముఖ్యమంత్రి కోటి రూపాయలు, ఇంటి జాగా ప్రకటించాడు. మరి 2024లో మనం ఏం చూశాం? తుర్కయాంజాల్‌లో కట్టుబడి పని దగ్గర అదే మొగులయ్య కూలి చేస్తున్న వీడియో. నెలకు వచ్చే పదివేల గౌరవ వేతనం ఆగిపోయిందని, వచ్చిన డబ్బు పిల్లల పెళ్ళిళ్ళకు, జాగాకు అయిపోయిందని ఆయనే చెప్పాడు. కోటి వచ్చినాయన ఎట్లా ఖర్చు పెట్టాడని నవ్వినవాళ్ళను నేను చూశాను. వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు ఎంత అవుతుందో కూడా చూశాను.

ఇనాం లక్షణమే అది. ఒక్కసారి కుంభవృష్టి, తర్వాత కరువు. కుండపోతగా పడ్డప్పుడు ఫోటో వస్తుంది. నెలనెలా పదివేలు పడితే ఫోటో రాదు, అందుకే అది ఆగిపోతుంది.

ఇక్కడ మనకు తెలిసిన ఒక మాట గుర్తు చేస్తాను. మిరాశీ. అరబీ నుంచి ఉర్దూ మీదుగా మన పల్లె దాకా వచ్చిన మాట. వారసత్వపు హక్కు. డక్కలి కళాకారుడికి మాదిగ ఇళ్ళ దగ్గర మిరాశీ ఉండేది. వచ్చి కథ చెబితే ఇంత అని ఇవ్వాల్సిందే. అడుక్కోవడం కాదు, హక్. కులం కట్టిన ఆ ఏర్పాటు మళ్ళీ రావాలని పిచ్చివాడు కూడా అనడు. దాంట్లో అవమానం గింజకు గింజ కొలిచి ఉంది. నేను పట్టుకున్నది ఒక్క పోగునే: డబ్బు విన్నవాడి దగ్గర నుంచి వచ్చేది. కింద నుంచి. ఇనాం పైనుంచి వస్తుంది, పైకి చూడటం నేర్పిస్తుంది. మెడ పైకెత్తి పాడేవాడికి ముందు కూర్చున్నవాళ్ళు కనపడరు.

కోపం మొత్తం పోయిందా అంటే పోలేదు. పర్మిట్ ఉన్న కోపం మిగిలింది. 2019లో నల్లమలలో యురేనియం తవ్వుతారన్నప్పుడు చూడండి, పాట మళ్ళీ లేచింది. అమ్రాబాద్ నుంచి హైదరాబాద్ దాకా డప్పు మోగింది. సినిమావాళ్ళు కూడా గొంతు కలిపారు. ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. గెలిచాం, షుకర్. కానీ గమనించారా, అక్కడ దుష్మన్ ఢిల్లీలో ఉన్నాడు. ఇక్కడి సర్కారుకు, ప్రతిపక్షానికి, స్టేజీ మీది వాళ్ళకు, స్టేజీ కట్టినవాళ్ళకు అందరికీ ఆ కోపం ఖర్చు లేని కోపం. కత్తి పదునుగా ఉందా అని చూసుకోవాలంటే దూరపు చెట్టు మీద విసిరితే తెలియదు.

దగ్గరి చెట్టు చెప్పనా? 2025 ఫిబ్రవరి 22. దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలింది. 8 మంది లోపల. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు. వారాల తరబడి తవ్వితే ఇద్దరి మయ్యత్‌లే బయటికి వచ్చాయి. మిగిలినవాళ్ళకు ఆ కొండే ఖబర్. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఆనకట్ట కట్టిన ప్రతిచోటా తెలుసు. మన తాతలు ఎక్కడెక్కడి సొరంగాల్లో, కాలువల్లో పనిచేసి వచ్చారో, రాకుండా పోయారో మన పాటలే చెప్పాయి. ఇప్పుడు మన గడ్డ మీదికి ఇంకొకరి పాలమూరు లేబర్ వచ్చి మన నీళ్ళ కోసం మట్టిలో కలిసిపోతే, వలస పాటకు పుట్టిల్లని చెప్పుకునే నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక్క స్టేజీ మీద, ఒక్క సభలో, వాళ్ళ మీద పాట నా చెవిన పడలేదు. రెండు సర్కార్ల హయాంలోనూ సారథి జీపులు తిరిగాయి. రెండు పార్టీలకూ ఆ సొరంగం ఒకరి మీద ఒకరు విసురుకునే రాయి. చచ్చిపోయినవాళ్ళకు ఇక్కడ ఓటు లేదు. ఓటు లేనివాడి మీద పాట ఏ స్టేజీకి కావాలి?

అదే ఏడాది జూన్‌లో గద్వాల జిల్లా రాజోళి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దన్న రైతులను అరెస్టు చేశారు. బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. పంట పండించిన చేతులకు బేడీలు! ఇరవై ఏళ్ళ కిందట ఇదే జరిగితే సాయంత్రానికి పాట, పొద్దునకు క్యాసెట్.

యూట్యూబ్‌లో ఫోక్ సాంగ్ వర్ధిల్లుతోంది కదా భాయ్ అంటారు కుర్రాళ్ళు. వర్ధిల్లుతోంది. బావా మరదళ్ళ పాటలు, బరాత్ పాటలు, లంగా ఓణీ, డ్రోన్ షాట్. నాకేం అభ్యంతరం లేదు, మా ఇంటి పెళ్ళిలోనూ అవే మోగాయి, నేనూ రెండు చేతులెత్తాను. అక్కడ శ్రోత లేచిపోవచ్చు, నిజమే, వేలు ఒక్కసారి కదిపితే చాలు. కానీ అక్కడ వాడు నీ ముందు లేడు. ఎందుకు పోయాడో చెప్పడు. దగ్గు వినపడదు, అంకె కనపడుతుంది. అంకెను చూసి పాట కట్టేవాడు నిన్నటి హిట్టునే మళ్ళీ మళ్ళీ కడతాడు. అదొక కొత్త దర్బార్, నవాబు మొహం కనపడని దర్బార్.

కుర్చీ ఎక్కిన ప్రతి షాయరూ మూగబోవాలన్న ఖానూన్ ఏమీ లేదు. మా మఖ్దూం మొహియుద్దీన్‌ను చూడండి. ఆయనా విధాన పరిషత్తు సభ్యుడే. ఆయన ‘బిసాత్-ఎ-రఖ్స్’కూ 1969లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన నజ్మ్ 1964లోనే ‘చా చా చా’ సినిమాకు పోయి పాటయ్యింది. సినిమా, సభ, అవార్డు, మూడూ ఉన్నాయి. మరి ధార్ ఎందుకు పోలేదు? ఆయన కూర్చున్నది ప్రతిపక్షం వైపు. ఆయన్ను ఆ కుర్చీ దాకా తెచ్చింది కార్మిక సంఘం. సాయంత్రం కాగానే మళ్ళీ ఆ కార్మికుల మధ్యకే పోయి కూర్చోవాలి. నజ్మ్ చప్పగా ఉంటే వాళ్ళు మొహం మీదే అనేవాళ్ళు. ఇక జోష్ మలీహాబాదీ సంగతి. ఉస్మానియా దారుల్ తర్జుమాలో నిజాం ఇచ్చిన నౌకరీ చేస్తూనే నిజాంకు నచ్చని నజ్మ్ రాశాడు. నౌకరీ పోయింది, రియాసతే వదిలి పోవాల్సి వచ్చింది. సౌదా కూడా నవాబుల ఉప్పు తిన్నవాడే, హజ్వ్ ఆపలేదు. ఉప్పు తినడం వేరే, నోరు తాకట్టు పెట్టడం వేరే. మన దగ్గర విమలక్క ఉంది. అరుణోదయ జెండా, అదే గొంగడి, అదే డప్పు. తెలంగాణ వచ్చాక ఏ పదవీ పుచ్చుకోలేదు. ఆమె రాజకీయాలతో నాకు వంద పేచీలు ఉండొచ్చు. కానీ ఆమె పాడుతుంటే ముందు కూర్చున్నవాళ్ళను ఎవరూ బస్సులో తేలేదు.

సర్కారును నేను అడిగేది పెద్దదేం కాదు. యాభై దాటిన కళాకారులకు పెన్షన్ ఇవ్వండి. ముఖ్యమంత్రి మారినా ఆగకుండా చట్టం చేసి ఇవ్వండి. ఇచ్చి మీ స్టేజీ నుంచి వాళ్ళను విడుదల చేయండి. రైతుబీమా మీద పాట కావాలంటే అడ్వర్టైజ్‌మెంట్ కంపెనీకి ఇచ్చుకోండి. తామ్రపత్రాలు దాచుకోండి, రాగి ధర పెరుగుతోంది.

కళాకారులను అడిగేది ఇంకా చిన్నది. నెలకు ఒక్క రాత్రి ఎవరూ పిలవని చోట పాడండి.

ఈ మాటలే మొన్న ఒక సారథి కళాకారుడితో అన్నాను. పేరు రాయను, నౌకరీ మనిషి. ఉద్యమంలో నేను కవర్ చేసిన పదుల సభల్లో డప్పు కొట్టినవాడు. కొల్లాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతున్నాం. ‘నీకేంది భాయ్, రాస్తవు పోతవు’ అన్నాడు. ‘నా బిడ్డ నర్సింగ్ చదువుతుంది. ఫీజు కట్టాలె. స్కీము పాట పాడతా, వచ్చి పడుకుంటా. మొదట్ల సిగ్గయ్యేది. ఇప్పుడు సిగ్గు కూడ అయితలేదు, గదే భయమైతది.’

నేనేం మాట్లాడలేదు. కొంచెంసేపటికి జేబులోంచి ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టాడు. డప్పు లేదు, కోరస్ లేదు. బాత్రూంలో రికార్డు చేసుకున్నట్టుంది, గొంతు గోడలకు తగిలి వస్తోంది. సొరంగం పాట. లోపల ఉండిపోయిన మనిషి బయట ఉన్న పెళ్ళాంతో మాట్లాడుతున్నట్టు కట్టాడు. ఆమె భాష వేరే, ఊరు వేరే, ఆమెకు ఈ మాటలు అర్థం కావు, అయినా చెబుతున్నాడు. రెండు చరణాలు విన్నాక నేను ఫోన్ తిరిగి ఇచ్చేశాను. చాయ్ హోటల్లో బాగుండదు.

‘ఎప్పుడు కట్టినవ్?’

‘అయింది శాన దినాలు.’

‘ఎక్కడన్నా పాడినవా?’

‘ఏడ పాడాలె భాయ్? సభల పాడితే మైకు గుంజుకుంటరు. యూట్యూబ్‌ల పెడితే నౌకరీ గుంజుకుంటరు.’

మా ఊళ్ళో మొహర్రంకు పీర్లు లేస్తాయి. అలావా గుండం చుట్టూ రాత్రంతా పాటలు. హుసేన్ మీద పాటలు, కరువు మీద పాటలు, మధ్యలో సర్పంచ్ మీద ఎక్కిరింపులు. అన్నీ తెలుగులోనే, పాడేవాళ్ళలో సగం మంది బోయలు, కురుమలు, మాదిగలు. మైకు లేదు, స్టేజీ లేదు, గుంజుకోవడానికి ఏమీ లేదు. ఇష్టం లేనివాడు ఇంటికి పోయి పడుకుంటాడు. తొమ్మిదో రాత్రి రమ్మన్నాను.

‘కర్బలా పాటల నడుమ నా పాట ఏందిలే’ అన్నాడు.

నీళ్ళ కోసం పోయి తిరిగి రానివాళ్ళ పాటే కదా అది కూడా, అన్నాను. చాయ్ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. బస్సు ఎక్కుతూ, తొమ్మిదో రాత్రి ఏ తారీఖు పడుతుందని అడిగాడు. చాంద్ కనపడ్డాక చెబుతానన్నాను.